ఒకసారి ఈ కాలు, ఇంకోసారి ఆ కాలు: పెద్ద జాతి కుక్కపిల్ల కుంటుతుంటే ఏం చూడాలి

మీరు చెప్పింది ఇది: ఏడు నెలల మగ జర్మన్ షెపర్డ్, బరువు 26 కిలోలు. ముందు కుడికాలు నాలుగు రోజులు కుంటింది, దానంతటదే తగ్గింది, వారం రోజులు ఇల్లంతా గంతులేసింది, ఇప్పుడు వెనక ఎడమకాలు కింద సరిగ్గా ఆనించడం లేదు. దెబ్బ తగిలినట్టు ఎవరూ చూడలేదు. ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారు. పిల్లని అమ్మినాయన కాల్షియం రెండు పూటలా పట్టమన్నాడు, పక్కింటాయన ఇవి ఎదిగే నొప్పులు, వదిలేయండి అన్నాడు. ఎవరి మాట వినాలని మీ ప్రశ్న.

అమ్మినాయన మాట వినకండి. పక్కింటాయన చెప్పింది నిజమయ్యే అవకాశం ఎక్కువే, కానీ "వదిలేయండి" అన్న ముక్క మాత్రం తప్పు, ఎందుకంటే మన ఊళ్లలో ఈ వయసు పిల్ల కాళ్లు మార్చి మార్చి కుంటుతుంటే చూడాల్సింది ఇంకోటి ఉంది, దాన్ని కాసేపట్లో చెప్తాను. నేను వెటర్నరీ డాక్టర్‌ని కాదు. ఏళ్ల తరబడి షెపర్డ్‌లు, రాట్‌వైలర్లు పెంచుతున్నవాణ్ణి, డాక్టర్ల దగ్గర కూర్చుని ఎక్స్‌రేలు చూపించుకుని నేర్చుకున్నవాణ్ణి, అంతే.

మీరు చెప్పిన లక్షణాలన్నీ కలిపితే మొదట గుర్తొచ్చేది పానోస్టియైటిస్. షెపర్డ్ పెంచేవాళ్లందరూ పొట్టిగా పానో అంటారు. జనం ఎదిగే నొప్పులు అనేది చాలావరకు దీన్నే. సుమారు 5 నెలల నుంచి 18 నెలల మధ్య వస్తుంది, ఆడవాటికంటే మగవాటికి ఎక్కువ, అన్ని జాతుల్లోకీ షెపర్డ్‌కి ఎక్కువ. ఇది కీళ్ల జబ్బు కాదు, పొడవాటి ఎముకల లోపలి జబ్బు. ఎముక మధ్యలో మూలుగ ఉండే గొట్టంలో కొవ్వు చెడి, ఆ జాగాలో కొత్త ఎముక పేరుకుంటుంది, లోపల ఒత్తిడి పెరిగి నొప్పి పుడుతుంది, కొన్నాళ్లకి శరీరమే ఆ అదనపు ఎముకని కరిగించి మళ్లీ మామూలు చేసుకుంటుంది. ఒక ఎముకలో తగ్గేసరికి ఇంకో ఎముకలో మొదలవుతుంది, అందుకే కాలు మారుతుంది. ఒక్కో విడత కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాలు ఉండొచ్చు, మధ్యలో వారాల తరబడి ఏమీ లేనట్టు తిరగొచ్చు. ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్లు వచ్చేసరికి దాదాపు అన్నిటికీ పోతుంది, కుంటితనమేమీ మిగలదు. అసలు ఎందుకొస్తుందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు, కాబట్టి ఫలానా తిండి పెట్టారు కాబట్టి వచ్చిందని ఎవరైనా గట్టిగా చెప్తే అంత పట్టించుకోకండి.

నేను ప్రతి ఒక్కరికీ చెప్పేది ఒకటే: కాలు మారుతోందా, అదే కాలా? కాలు మారుతూ, ఎముక నడిమి భాగం నొక్కితే నొప్పి ఉంటే అది పానో వైపు చూపిస్తుంది. అదే కాలు మళ్లీ మళ్లీ కుంటుతుంటే, మధ్యలో ఎన్ని మంచి రోజులున్నా సరే, దాన్ని ఎదిగే నొప్పి అనుకోవద్దు. రెండు వారాలు దాటి ఒకే కాలు అంటే ఎక్కడో ఒక కీలు చెడిందేమో చూడాల్సిందే. జనం ఎక్కువగా పొరపడేది ఇక్కడే, "మధ్యలో బాగానే ఉంది కదా" అనుకుని ఆరు నెలలు గడిపేస్తారు, ఈలోపు మోచేయి కీలు అరిగిపోతుంది.

అందుకని ముందు ఫోన్ తీయండి. పిల్లని గట్టి నేల మీద, పట్టు ఉన్న చోట, లీష్ వదులుగా పట్టుకుని వేరేవాళ్లు నడిపిస్తుంటే పక్కనుంచి, ఎదురుగా, వెనక నుంచి వీడియో తీయండి. కొద్దిగా దుడుకు నడక ఉండాలి, మరీ నెమ్మదిగా నడిస్తే దాచేస్తుంది, పరిగెడితే మనకి కనపడదు. తర్వాత స్లో మోషన్‌లో తల చూడండి. ముందు కాలు నొప్పైతే ఆ కాలు నేలకి తగిలినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు పడినప్పుడు తల కిందికి దిగుతుంది. చాలామంది సరిగ్గా దీన్ని తిరగేసి చూసి, బాగున్న కాలుకి ఎక్స్‌రే తీయించుకొస్తారు. వెనక కాలైతే నడుము చూడాలి, నొప్పి ఉన్న వైపు తుంటి ఎక్కువగా పైకీ కిందికీ ఊగుతుంది. గోడ మీది క్యాలెండర్లో రోజూ ఏ కాలు, ఎంత అని ఒక ముక్క రాసుకోండి. డాక్టర్ గదిలోకి వెళ్లగానే భయానికి మన కుక్క నాలుగు కాళ్ల మీదా చక్కగా నడుస్తుంది, అప్పుడు ఈ వీడియో, ఈ రాతే ఆధారం.

ఇక చేత్తో చూడటం. తిని, అలసి, పడుకుని ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ముందు పాదం: వేళ్ల మధ్య పల్లేరు కాయ ముక్క గుచ్చుకుని ఉందా, తుమ్మ ముల్లు విరిగి ఉందా, గోరు చీలిందా, ఎండాకాలం తారురోడ్డు మీద తిప్పడం వల్ల పాదం మెత్త బొబ్బలెక్కిందా. నవ్వొస్తుంది కానీ పానో అని తీసుకొచ్చిన వాటిల్లో ఇలాంటివి ఉంటూనే ఉంటాయి. తర్వాత ఎముకలు. కండని పక్కకి తోసి, బొటనవేలితో ఎముక మీదే ఆనించి, ఒక చివర నుంచి ఇంకో చివరకి కొంచెం కొంచెంగా నొక్కుతూ పోండి: ముందు కాళ్లలో భుజం నుంచి మోచేయి దాకా ఉన్న ఎముక, మోచేయి కింద రెండు ఎముకలు, వెనక కాళ్లలో తొడ ఎముక, మోకాలి కింది ఎముక. కండని నొక్కితే ఏ కుక్కైనా విసుక్కుంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. పానో ఉన్న చోట ఎముక నొక్కగానే పిల్ల ఉలిక్కిపడి మీ చేతివైపు తల తిప్పుతుంది, కొన్ని కుయ్యిమంటాయి, కొన్ని చెయ్యి నోట్లోకి తీసుకుంటాయి. కరిచే కుక్కైతే ఈ పని డాక్టర్‌కే వదిలేయండి. కుంటని కాలుకీ ఇదే పరీక్ష చేయండి, రేపు కుంటబోయే కాలు ముందే దొరుకుతుంది ఒక్కోసారి. ఆఖరున కీళ్లు మడిచి చాపి చూడండి. మోచేయి పూర్తిగా మడవనివ్వకపోయినా, భుజం వెనక్కి చాపితే ఏడ్చినా, కీలు చుట్టూ వాపు ఉన్నా, అది వేరే కథ.

ఎక్స్‌రే మాట. మొదటి ఎక్స్‌రేలో ఏమీ లేదంటే పానో లేదని అర్థం కాదు. నొప్పి మొదలైన పది రోజుల దాకా ఎక్స్‌రేలో మార్పు కనపడకపోవచ్చు, ఆ తర్వాత ఎముక లోపల నల్లగా ఉండాల్సిన చోట తెల్లటి మబ్బులా మరక కనిపిస్తుంది. మళ్లీ రెండు మూడు వారాలకి తీస్తే తేలిపోతుంది. ఇంకో సంగతి, ఏ భాగానికి తీశారో రిపోర్టులో చూసుకోండి. మీరు వెళ్లినప్పుడు మణికట్టుకి ఒక్కటే తీసి పంపేసి ఉంటే అది ఎక్స్‌రే తీసినట్టు లెక్క కాదు. షెపర్డ్‌కి మోచేయి మడిచి పక్కనుంచి ఒక ఫిల్మ్ తప్పనిసరి. ఎందుకంటే మోచేయి వెనక ఉండే చిన్న ఎముక ముక్క ఐదు నెలలకల్లా అతుక్కుపోవాలి, షెపర్డ్‌లలో కొన్నిటికి అతుక్కోదు, మడిచి తీస్తే గానీ అది కనపడదు. రెండు మోచేతులకీ తీయించండి, పోల్చుకోడానికి పనికొస్తుంది, రెండువైపులా ఉండటమూ మామూలే.

ఇప్పుడు ఇందాక చెప్తానన్నది. పిడుదులు. గోమార్లు అంటారు కొన్ని చోట్ల. హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ ఏడాది పొడుగునా ఉంటాయి, చలికాలంలో పోతాయనేది విదేశాల మాట. ఆ గోధుమరంగు పిడుదు మోసుకొచ్చే ఎర్లికియా, అనాప్లాస్మా లాంటి సూక్ష్మక్రిములు రక్తంలో చేరితే జ్వరం, నీరసం మాత్రమే కాదు, కీళ్లు వాచి నొప్పెడతాయి, ఈ రోజు ఒక కాలు రేపు ఇంకో కాలు కుంటుతుంది. అచ్చం పానోలాగే. తేడా ఏంటంటే ఈ పిడుదుల జ్వరంలో (టిక్ ఫీవర్) నొప్పి కీళ్ల దగ్గర, పానోలో ఎముక నడిమిలో. కానీ పానోలో కూడా కొంచెం జ్వరం, తిండి తగ్గడం ఉండొచ్చు కాబట్టి చేత్తో చూసి తేల్చేయకండి, రక్తపరీక్ష చేయించండి. కంప్లీట్ బ్లడ్ పిక్చర్, ప్లేట్‌లెట్లు, స్మియర్ (రక్తపు చుక్కని గాజుపలక మీద పరిచి చూసేది), వీలైతే ఎర్లికియా కిట్ టెస్ట్. ప్లేట్‌లెట్లు బాగా పడిపోతే అనుమానం గట్టిదే. చిగుళ్లు పాలిపోవడం, పొట్ట మీద ఎర్రచుక్కలు, ముక్కునుంచి రక్తం, ఇవి ఉంటే ఆ రోజే వెళ్లాలి. ఎర్లికియాకి డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు ఇస్తారు. మూడో రోజుకే కుక్క లేచి తిరుగుతుంది, అప్పుడు ఆపేయకూడదు. మాత్రని ఉత్తి కడుపున వేయకుండా తిండితో ఇచ్చి, పైన నీళ్లు తాగించండి, గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది.

మీ పోస్టులో పిడుదుల ఊసే లేదు. చెవుల లోపలి మడతలు, వేళ్ల సందులు, బెల్ట్ కింద మెడ చూశారా?

మిగతావి తొందరగా. మోచేయి డిస్‌ప్లాసియా, అంటే కీలు సరిగ్గా అమరకుండా ఎదగడం, ఉన్న పిల్ల పొద్దున్నే లేవగానే కుంటి, నడిచాక సర్దుకుని, ఆడాక మళ్లీ కుంటుతుంది, మోచేతులు లోపలికో బయటికో పెట్టి నిలబడుతుంది. లాబ్రడార్లలో, రాట్‌వైలర్లలో ఎక్కువ. భుజం కీలులో మృదులాస్థి ఊడే ఓసీడీ అనేది నాలుగు నుంచి ఎనిమిది నెలల్లో, ఒకే ముందుకాలు. తుంటి డిస్‌ప్లాసియాలో పిల్ల వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతూ పరిగెడుతుంది, మెట్లెక్కడానికి వెనకాడుతుంది, పడుకుని లేవడానికి ముందు కాళ్ల మీదే బరువు వేసి లాక్కుంటుంది. వీటన్నిట్లో అత్యవసరమైంది మాత్రం ఇంకోటుంది, హెచ్‌ఓడీ అంటారు, ఎదిగే ఎముకల చివర్ల జబ్బు, రెండు నుంచి ఏడు నెలల లోపు, గ్రేట్ డేన్‌లలో ఎక్కువ. మణికట్టుకి కాస్త పైన రెండు కాళ్లకీ వాపు, ముట్టుకుంటే వేడి, జ్వరం 104 నుంచి 106 దాకా, పిల్ల లేచి నిలబడనంటుంది. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, మన లెక్కతో చూసి కంగారుపడకండి. కానీ నిలబడని పిల్లని రేపటిదాకా ఆపకండి.

ఇక కాల్షియం, నాకు ఒళ్లు మండే విషయం. మన దగ్గర పిల్లని అమ్మేటప్పుడు తిండి సంచితోపాటు కాల్షియం డబ్బా కూడా అంటగడతారు. చెవులు నిలబడటానికి కాల్షియం, కాళ్లు లావవడానికి కాల్షియం, కుంటితే ఇంకా కాల్షియం. ఆరు నెలల లోపు కుక్కపిల్ల పేగుకి అక్కర్లేని కాల్షియాన్ని ఆపే శక్తి సరిగ్గా ఉండదు, పెద్ద కుక్క అయితే అవసరమైనంత తీసుకుని మిగతాది వదిలేస్తుంది, పిల్ల మాత్రం పెట్టినదాంట్లో పెద్ద వాటా ఒంట్లోకి లాగేస్తుంది. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ యూనివర్సిటీలో హేజెవింకెల్ బృందం 1985లో ఎదిగే గ్రేట్ డేన్ పిల్లలకి అధికంగా కాల్షియం పెట్టి చూపించింది ఇదే, ఎముకలు గట్టిపడలేదు సరికదా ఎదుగుదలే దెబ్బతింది. అమెరికాలో ఏఏఎఫ్‌సీఓ అనే సంస్థ పెట్టిన ప్రమాణం ప్రకారం పెద్దయ్యాక సుమారు 32 కిలోలు దాటే కుక్కల పిల్లతిండిలో కాల్షియం, తేమ తీసేసిన లెక్కలో, 1.8 శాతం దాటకూడదు. మంచి కంపెనీ లార్జ్ బ్రీడ్ పప్పీ తిండి పెడుతుంటే అందులో కావాల్సినంత ఉంది. దాని మీద చెంచా కూడా వేయకండి. మనుషుల సిరప్‌లో కాల్షియం నిజానికి కొంచెమే ఉంటుంది, దానివల్ల పెద్ద లాభమూ లేదు, భయపడాల్సింది ఎముకల పొడి, గేదెలకి పట్టే కాల్షియం లిక్విడ్, అన్నిటికంటే ముఖ్యంగా విటమిన్ డి 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్. అది ఎవరు వేస్తామన్నా ముందు రక్తపరీక్ష చూపించమనండి.

అయితే దీనికి రెండో వైపు ఉంది, ఇంటి తిండి పెట్టేవాళ్లు దీన్ని చదివి కాల్షియం మానేస్తే ఇంకా ప్రమాదం. చికెన్, అన్నం, పెరుగు మీద పెరిగే పిల్లకి కాల్షియం నిజంగానే చాలదు. మీ పిల్లలాంటి బరువుకి రోజుకి దాదాపు 5 గ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల చికెన్ కండలో 10, 15 మిల్లీగ్రాములకి మించదు, ఫాస్ఫరస్ మాత్రం 200 దాకా ఉంటుంది. లీటరు పాలలో సుమారు 1.2 గ్రాములు, అంటే పాలతో తీర్చాలంటే నాలుగు లీటర్లు తాగాలి. బొక్కల సూప్‌లో అసలు ఉండేదే తక్కువ, గంటలు గంటలు మరిగించినా సరే. రాగిజావ మంచిదే, బియ్యం కంటే ఎన్నో రెట్లు మేలు, కానీ ఒక్కదానితో సరిపోదు. ఇలా నెలలు గడిస్తే ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాగేసుకుంటుంది, సోఫా మీంచి దూకితే కాలు విరిగేంత బలహీనపడతాయి. ఇంటి తిండే పెట్టాలనుకుంటే గుడ్డు పెంకు కడిగి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తగా పొడి చేస్తే చిన్న చెంచాలో 2 గ్రాముల దాకా కాల్షియం వస్తుంది, కానీ ఎంత వేయాలో మొత్తం తిండి రాసుకెళ్లి డాక్టర్‌తో లెక్క కట్టించుకోండి, అంచనా మీద వద్దు. సగం డాగ్ ఫుడ్ సగం అన్నం పెట్టేవాళ్లకి ఈ లెక్క ఇంకా తేడాగా ఉంటుంది. మీరు ఏం పెడుతున్నారో రాయలేదు, అది ముఖ్యం.

బరువు కూడా. అమెరికాలో 48 లాబ్రడార్లని జతలుగా తీసుకుని, ఒకదానికంటే ఇంకోదానికి 25 శాతం తక్కువ తిండి పెట్టి చనిపోయేదాకా చూశారు. 2002లో వచ్చిన ఆ లెక్క ప్రకారం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, తుంటి, కీళ్ల అరుగుదల కూడా వాటిలో బాగా తక్కువ. బొద్దుగా ఉన్న పిల్ల ఫొటోకి బాగుంటుంది, కీళ్లకి బాగుండదు. పక్కటెముకల మీద చెయ్యి పెడితే ఒత్తకుండానే తగలాలి, పైనుంచి చూస్తే నడుము సన్నబడాలి. చుట్టాలు "ఏంటి ఇంత బక్కగా ఉంది" అంటే సరిగ్గా ఉందని అర్థం. ఎనిమిది నెలలకే 40 కిలోలు తేవాలని పోటీ పడేవాళ్లని చూస్తుంటాను, ఆ కుక్కకి వచ్చే బరువు ఎలాగూ వస్తుంది, తొందరెందుకు.

ఇల్లు. మన ఫ్లాట్లలో గ్రానైట్, మార్బుల్, నున్నటి టైల్స్, పిల్ల తిరిగే దారంతా జారుతుంది. నొప్పి ఉన్న కాలు జారితే ఇంకో చోట బెణుకుతుంది. పాత దుప్పట్లు కాదు, అవీ జారతాయి, వెనక రబ్బరు ఉన్న మ్యాట్లు హాల్లో తిరిగే దారిన వేయండి, గోళ్లు కత్తిరించండి, పాదం మెత్తల మధ్య వెంట్రుకలు తగ్గించండి. నార్వేలో న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్ లాంటి పెద్ద జాతుల పిల్లల్ని చూసిన అధ్యయనం 2012లో వచ్చింది, మూడు నెలల లోపు రోజూ మెట్లెక్కి దిగిన వాటికి తుంటి జబ్బు ఎక్కువ, మెత్తటి నేల మీద స్వేచ్ఛగా తిరిగిన వాటికి తక్కువ. కాబట్టి కదలనివ్వకూడదని కాదు. పార్కులో గడ్డి మీద తనంతట తాను తిరిగితే మంచిదే. బాల్ విసిరి వందసార్లు తెప్పించడం, స్కూటీకి కట్టి పరిగెత్తించడం, కారు డిక్కీలోంచి దూకించడం, ఇవి ఏడాదిన్నర దాకా వద్దు. స్కూటీ వెనక పరిగెత్తే షెపర్డ్ పిల్లని పొద్దున ఆరింటికి ఏ కాలనీలోనైనా చూడొచ్చు, ఆ దృశ్యం చూస్తే నాకు తిక్క లేస్తుంది.

మందుల దగ్గర జాగ్రత్త. ఇంట్లో ఉన్న కాంబిఫ్లామ్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ అరమాత్ర కూడా వేయకండి. కడుపులో పుండ్లు, కిడ్నీలు, అంతదాకా పోతుంది, పిల్లలకి ఇంకా తొందరగా. కుక్కలకి మెలోక్సికామ్, కార్ప్రోఫెన్ లాంటివి డాక్టర్ బరువు చూసి రాస్తారు, తిండితో వేయాలి, వాంతులు గానీ నల్లటి విరేచనం గానీ కనపడితే వెంటనే ఆపి ఫోన్ చేయాలి. ప్లేట్‌లెట్లు చూడకుండా నొప్పి మాత్ర మొదలుపెట్టకపోవడం మంచిది, అవి తక్కువగా ఉన్నప్పుడు కొన్ని నొప్పి మందులు రక్తస్రావాన్ని పెంచుతాయి. డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయిస్తే సాయంత్రానికి పరిగెడుతుంది, నిజమే, కానీ అసలు జబ్బు ఏంటో ఆ తర్వాత ఎవరికీ అంతుపట్టదు, పైగా స్టెరాయిడ్ మీద మెలోక్సికామ్ పడితే కడుపు చిల్లు పడే ప్రమాదం. నొప్పి పూర్తిగా పోయేలా మందిచ్చి పార్కులో వదలడం కూడా అంతే తెలివితక్కువ పని, కుంటుడు అనేది పిల్ల తనని తాను ఆపుకునే పద్ధతి.

మీరైతే ఈ వారం ఇలా చేయండి. కంపెనీ తిండి పెడుతుంటే కాల్షియం ఆపేయండి, ఇంటి తిండైతే డాక్టర్‌తో లెక్క కట్టించుకోండి. లీష్ మీద పది నిమిషాల చొప్పున రోజుకి మూడుసార్లు, మూత్రానికి, కాస్త గాలికి, అంతకుమించి వద్దు. ఒళ్లంతా పిడుదులు చూడండి. రేపే రక్తపరీక్ష. అది బాగుంటే, ఎముకల నడిమిలో నొప్పి దొరికితే, రెండో విడత ఎక్స్‌రే రెండు వారాల తర్వాత, ఈసారి మోచేతులు, భుజాలు, తుంటి కలిపి. తుంటికి సరైన ఫిల్మ్ రావాలంటే మత్తు ఇవ్వాలి, ఇవ్వకుండా లాగిపట్టి తీసింది నమ్మకండి. దగ్గర్లో ఆర్థోపెడిక్ చూసేవాళ్లు లేకపోతే వెటర్నరీ కాలేజీలకి వెళ్లండి, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం కాలేజీల్లో ఆసుపత్రులు ఉన్నాయి, లైన్‌లో కూర్చోవాలి, పొద్దున్నే బయల్దేరండి, ఫిల్ములన్నీ తీసుకెళ్లండి.

పానో అని తేలితే ఇంకో రెండు మూడు విడతలు వస్తాయని ముందే అనుకోండి, ప్రతిసారీ టెన్షన్ పడక్కర్లేదు, విశ్రాంతి, కావాలంటే ఐదారు రోజులు మందు. కానీ పానో ఉన్నంత మాత్రాన మోచేయి జబ్బు ఉండదని ఏం లేదు, షెపర్డ్‌లో రెండూ కలిసి ఉండొచ్చు. మిగతా కాళ్లన్నీ తగ్గాక కూడా ఆ మొదటి ముందు కుడికాలు తిరిగి తిరిగి కుంటుతున్నట్టు మీ క్యాలెండర్లో కనపడితే, ఎక్స్‌రే బాగుందని ఆగిపోకుండా మోచేతికి సీటీ స్కాన్ గురించి డాక్టర్‌ని అడగండి, మోచేతి లోపల పగిలిన చిన్న ముక్కలు చాలాసార్లు ఎక్స్‌రేకి దొరకవు.